ఏడు అక్షరాలూ ఉన్న పొడవైన ఇంగ్లిష్ మాటను పట్టుకోవడం ఎలా

మీరు అడిగింది ఇది: ఏ, ఇ, జి, ఐ, ఎన్, ఆర్, టి అనే ఏడు ఇంగ్లిష్ అక్షరాలూ ఉన్న మాటల్లో బాగా పొడవైనవి కావాలి. ఫోన్లో యాప్‌కి ఈ ఏడూ ఇస్తే గ్రానైట్, టియరింగ్ దగ్గరే ఆగిపోతోంది. యాప్‌లో లోపమేమీ లేదు. మీ మనసులో ఒక ప్రశ్న ఉంది, అది జవాబిచ్చింది ఇంకో ప్రశ్నకి. "ఈ అక్షరాలు ఉన్న మాట" అనే దానికి కనీసం మూడు అర్థాలున్నాయి. మీకు ఏది కావాలో ముందు తేల్చుకోకపోతే ఎంత వెతికినా పని ముందుకు సాగదు.

మొదటి అర్థం స్క్రాబుల్ (అక్షరాల పలకలతో బోర్డు మీద మాటలు కూర్చే ఆట) పలకల లెక్క. చేతిలో ఏడు పలకలుంటే ఒక్కోదాన్ని ఒక్కసారే వాడాలి. అప్పుడు ఏడు అక్షరాలు దాటే ప్రసక్తే లేదు: గ్రానైట్, ఇన్‌గ్రేట్, టియరింగ్. మీ యాప్ చేస్తున్నది ఇదే.

రెండో అర్థంలో ఈ ఏడు తప్ప వేరే అక్షరం రాకూడదు, కానీ ఒకే అక్షరాన్ని ఎన్నిసార్లైనా వాడొచ్చు. న్యూయార్క్ టైమ్స్ వారి స్పెల్లింగ్ బీ ఆట ఈ పద్ధతిలోనే ఉంటుంది. కాకపోతే అందులో మధ్య అక్షరం తప్పనిసరి, మాట నాలుగు అక్షరాలకు తగ్గకూడదు. ఈ అర్థం తీసుకుంటే మీ ఏడు అక్షరాలతోనే ఎంటర్‌టైనింగ్ వస్తుంది, 12 అక్షరాలు. రీజనరేటింగ్ కూడా 12. రీఇంటిగ్రేటింగ్ 13. ఈ మూడింటిలోనూ ఏడు అక్షరాలూ ఉన్నాయి, ఎనిమిదోది ఒక్కటీ లేదు.

మూడో అర్థంలో ఏడూ ఉండి తీరాలి, పక్కన వేరేవి ఎన్ని ఉన్నా ఫరవాలేదు. ఇక్కడ తలుపులు బార్లా తెరుచుకుంటాయి. మన సినిమా టైటిల్స్‌లో రోజూ చూసే సినిమాటోగ్రాఫర్ అనే మాటలో మీ ఏడూ ఉన్నాయి, మొత్తం 15 అక్షరాలు. ఆస్పత్రి బోర్డు మీద ఉండే గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ 18. ఎలక్ట్రోఎన్‌సెఫలోగ్రాఫికల్లీ అయితే 27. ఒకే అక్షరాల గుంపుకి అర్థాన్ని బట్టి 7, 13, 27. మీ మాటల్ని బట్టి మీకు కావలసింది ఈ మూడోదే అనుకుని రాస్తున్నాను, రెండోదాన్ని కూడా కలుపుకుంటూ వెళ్తాను.

(అక్షరాలు ఇచ్చిన వరుసలోనే రావాలనే నాలుగో రకం కూడా ఉంది. అచ్చులు ఐదూ ఏ, ఇ, ఐ, ఓ, యు వరుసలో ఒక్కోసారే వచ్చే ఫెసీషియస్, యాబ్‌స్టీమియస్ దానికి పేరుమోసిన ఉదాహరణలు. సబ్‌కాంటినెంటల్‌లో అవే అచ్చులు తిరగేసిన వరుసలో వస్తాయి. అది వేరే వేట.)

ముందు చేత్తో ఎలా వెతకాలో చెబుతాను. చేత్తో వెతికే పద్ధతి వస్తే, కంప్యూటర్ ఇచ్చిన జాబితాలో ఏది పనికొచ్చేదో ఏది కాదో కూడా తెలుస్తుంది. చాలామంది ఏడు అక్షరాల్నీ కాగితం మీద గుండ్రంగా రాసుకుని చూస్తూ కూర్చుంటారు. చిన్న మాటలకు అది సరిపోతుంది. పొడవైన ఇంగ్లిష్ మాట అలా పుట్టదు, ముక్కలు అతికి తయారవుతుంది: ముందొక ముక్క, నడుమ అసలు మాట, వెనక ఒకటో రెండో తోకలు. కాబట్టి అక్షరాల్ని కాదు, ముక్కల్ని వెతకాలి. ఒక ముక్క పెట్టగానే ఏడింటిలో ఎన్ని తీరాయి, ఎన్ని మిగిలాయి అని లెక్క చూసుకోవాలి. ఈ మిగులు లెక్కే కీలకం.

మీ గుంపులో ఐ, ఎన్, జి ఉన్నాయి కాబట్టి మొదట చూడాల్సింది క్రియలకు చివర తగిలే ఇంగ్. అది పెడితే మూడు తీరిపోయాయి, మిగిలినవి ఏ, ఇ, ఆర్, టి. ఇప్పుడు ముందు భాగంలో కౌంటర్ పెట్టి చూడండి: సి-ఓ-యు-ఎన్-టి-ఇ-ఆర్. అందులో టి, ఇ, ఆర్ వచ్చేశాయి. ఇంక కావలసింది ఒక్క ఏ. అంటే కౌంటర్ అన్న ముక్కని తీసుకునే క్రియల్లో ఏ ఉన్న ప్రతిదీ మీకు పనికొస్తుంది. కౌంటర్‌యాక్టింగ్ 13, కౌంటర్‌బ్యాలెన్సింగ్ 16, కౌంటర్‌అటాకింగ్ 16, కౌంటర్‌డెమాన్‌స్ట్రేటింగ్ 20. ఒక్క ముక్క పట్టుకుంటే నాలుగు మాటలు వచ్చాయి.

ఇంటర్ అనే ముక్క ఇంకా మంచిది. ఐ, ఎన్, టి, ఇ, ఆర్ అయిదూ అందులోనే ఉన్నాయి, మిగిలేవి ఏ, జి రెండే. ఇంటర్‌గెలాక్టిక్ 13, ఇంటర్‌గవర్నమెంటల్ 17, ఇంటర్‌జనరేషనల్ 17, ఇంటర్నేషనలైజింగ్ 18.

నామవాచకాల తోక ఏషన్, అంటే ఏ-టి-ఐ-ఓ-ఎన్, నాలుగింటిని తీరుస్తుంది. మిగిలేవి ఇ, జి, ఆర్. ఇక్కడ మాటలకు కొదవే లేదు: సెగ్రిగేషన్ 11, కాంగ్రిగేషన్ 12, రిఫ్రిజిరేషన్ 13, రీఆర్గనైజేషన్ 14, డిస్‌ఇంటిగ్రేషన్ 14, ఓవర్‌జనరలైజేషన్ 18.

బాగా పొడవైనవి కావాలంటే గ్రీకు, లాటిన్ ముక్కల వైపు వెళ్లక తప్పదు. గ్రాఫిక్ అనే ముక్కలో జి, ఆర్, ఏ, ఐ ఉన్నాయి. మిగిలేవి ఇ, ఎన్, టి. ఆ మూడూ ఉన్న ముందు ముక్క ఏది? సినిమాటో ఒకటి, రాంట్‌జెనో ఒకటి, ఎలక్ట్రోఎన్‌సెఫలో ఇంకొకటి. చివర ఆల్లీ తగిలించి క్రియావిశేషణం చేస్తే వరుసగా 19, 20, 27 అక్షరాలు. పొడవు పెంచుకోవడానికి ఈ ఆల్లీ ఎప్పుడూ గుర్తుండాల్సిన తోక. గ్రాఫిక్ లాంటి ముక్కతో అంతమయ్యే విశేషణం దొరికితే, దాదాపు ప్రతిసారీ ఇంకో నాలుగు అక్షరాలు చేతికొచ్చినట్టే.

ఈ పద్ధతిలో జారిపోయే చోట్లు మూడున్నాయి. మూడూ తరచుగా జరిగేవే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది రాలిపోయే ఇ. ఏట్ అని అంతమయ్యే క్రియలో ఏ, టి, ఇ మూడూ కనిపిస్తాయి కాబట్టి తీరిపోయాయని లెక్క వేస్తాం. దానికి ఇంగ్ తగిలించగానే చివరి ఇ రాలిపోతుంది. ఇన్‌గ్రేషియేట్ అనే క్రియలో ఇ ఉంది. ఇన్‌గ్రేషియేటింగ్ అనగానే, 12 అక్షరాల అందమైన మాటే అయినా, ఇ లేదు. ఇరిటేటింగ్ కూడా అంతే. అందుకే ఇంకో ఇ లోపలెక్కడైనా ఉన్న క్రియనే పట్టుకోవాలి: జనరేట్, ఇంటిగ్రేట్, రీఇటరేట్. వీటికి చివరి ఇ పోయినా ఇంకోటి మిగులుతుంది. ఇక ఇంటిగ్రేటింగ్ 11 అయితే, ముందు రీ చేరిస్తే 13, డిస్ చేరిస్తే 14. రీ చేర్చినప్పుడు కొత్త అక్షరం రాదు కాబట్టి రెండో అర్థానికి అది నిలుస్తుంది. డిస్ చేర్చితే డి, ఎస్ కొత్తగా వస్తాయి, మూడో అర్థానికే పనికొస్తుంది.

రెండోది చెవిని నమ్మడం. తెలుగులో పలికిందే రాస్తాం కాబట్టి ఇంగ్లిష్ మాటని కూడా మనం ధ్వనితోనే గుర్తుచేసుకుంటాం. స్ట్రెయిటెన్ అంటే జి వినిపించదు. రాస్తే ఎస్-టి-ఆర్-ఏ-ఐ-జి-హెచ్-టి-ఇ-ఎన్, పది అక్షరాలు, అందులో మీ ఏడూ ఉన్నాయి. ఏ తోకా అవసరం లేకుండానే! ఇంగ్ చేర్చితే 13. జి వెతికేటప్పుడు ఫారిన్, రెయిన్, సైన్ లాంటి పలకని జి ఉన్న మాటల్ని, జి-హెచ్ జంట ఉన్న మాటల్ని విడిగా ఒకసారి తలుచుకోండి. పి వెతికేటప్పుడు సైకాలజీ, న్యుమోనియా, ఫోటో. ధ్వనిని బట్టి వెళ్తే వీటిలో పి ఉందని తట్టదు.

మూడోది కంటితో చూసి ఉందనుకోవడం. వైద్యుల పేర్లే తీసుకోండి. ఎనస్తీషియాలజిస్ట్ ఎంత పొడుగ్గా ఉన్నా అందులో ఆర్ లేదు. ఎండోక్రినాలజిస్ట్‌లో ఏ లేదు. డెర్మటాలజిస్ట్‌లో ఎన్ లేదు. ఓటోరైనోలారింగాలజిస్ట్‌లో అన్నీ ఉన్నట్టే అనిపిస్తుంది, ఇ మాత్రం లేదు. చిన్నదిగా కనిపించే జీరియాట్రిషియన్‌లో, 12 అక్షరాల్లోనే, ఏడూ ఉన్నాయి. ఎలక్ట్రోఎన్‌సెఫలోగ్రామ్‌కి ఐ లేదు, అదే గ్రాఫిక్ అయ్యేసరికి ఐ వస్తుంది. కాబట్టి మాట తట్టగానే కాగితం మీద విడి అక్షరాలుగా రాసి, ఏడింటినీ ఒక్కోటిగా కొట్టేయండి. ఆ అర నిమిషం దండగ కాదు.

పేరుమోసిన పొడవైన మాటలు మీ గుంపుకి పనికిరావని కూడా ఇక్కడే చెప్పాలి. 45 అక్షరాల న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కేనోకోనియోసిస్‌లో వేర్వేరు అక్షరాలు 14 మాత్రమే, వాటిలో జి లేదు. 30 అక్షరాల సూడోసూడోహైపోపారాథైరాయిడిజమ్‌లో, 29 అక్షరాల ఫ్లాక్సినాసినైహిలిపిలిఫికేషన్‌లో, 28 అక్షరాల యాంటీడిస్ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజమ్‌లో కూడా జి లేదు. మీ ఏడింటిలో ఆరు ఇంగ్లిష్‌లో బాగా వాడకంలో ఉన్న అక్షరాలు, జి ఒక్కటే కొంచెం అరుదు. ఏ గుంపు ఇచ్చినా అందులో అన్నిటికంటే అరుదైన అక్షరం ఏదో చూసి, దానితో వచ్చే ముక్కల నుంచే మొదలుపెట్టండి. క్యూ ఉంటే పక్కన యు ఉందా అని మొదట చూడాలి. గుంపులో యు లేకపోతే రెండో అర్థానికి మిగిలేవి చాలా కొద్ది, వాటిలో అరబ్బీ, ఉర్దూ దారిలో వచ్చినవి ఎక్కువ: తలాక్, నికాబ్, ఫకీర్, కవ్వాలీ. ఇంగ్లిష్‌లో ఇవన్నీ క్యూతో రాసే రూపాలున్నాయి.

ఇప్పుడు కంప్యూటర్. ఇక్కడ ప్రోగ్రామ్ కంటే పదజాబితా ముఖ్యం. తప్పు జాబితా మీద మంచి ప్రోగ్రామ్ నడిపితే తప్పు జవాబే శుభ్రంగా వస్తుంది.

స్క్రాబుల్ జాబితాలు పొడవైన మాటలకు పనికిరావు. బోర్డు 15 గళ్లు కాబట్టి జాబితా కూడా 15 అక్షరాలతో ఆగిపోతుంది. కాలిన్స్ నిఘంటువు వారి 2019 స్క్రాబుల్ జాబితాలో 2,79,496 మాటలున్నా గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ అందులో ఉండదు, 18 అక్షరాలు కదా. సినిమాటోగ్రాఫర్ సరిగ్గా అంచు మీద నిలుస్తుంది, బహువచనం చేస్తే బయటపడుతుంది. పైగా కాలిన్స్ జాబితాకి కాపీరైట్ ఉంది. ఎనేబుల్ అనే జాబితా ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు, సుమారు 1,73,000 మాటలు, 15 దాటినవి కూడా ఉంటాయి. మొదలుపెట్టడానికి నేను చెప్పేది ఇదే. అయితే అది అమెరికన్ వర్ణక్రమం వైపు మొగ్గుతుంది. మన బడుల్లో నేర్పే బ్రిటిష్ పద్ధతిలో ఎస్‌తో రాసే ఆర్గనైజ్ లాంటి రూపాలు అందులో పెద్దగా దొరకవు. మీ గుంపులో ఎస్ గానీ జెడ్ గానీ ఉన్నప్పుడు ఈ తేడా జవాబునే మార్చేస్తుంది.

మ్యాక్‌లో సిస్టమ్‌తోపాటు వచ్చే వర్డ్స్ అనే ఫైలు 1934 నాటి వెబ్‌స్టర్ రెండో ఇంటర్నేషనల్ నిఘంటువు నుంచి తీసింది. 2 లక్షల 35 వేలకు పైగా మాటలున్నాయి గానీ బహువచనాలు, ఇంగ్ రూపాలు, ఇ-డి రూపాలు చాలావరకు ఉండవు. మీ గుంపులో ఐ-ఎన్-జి ఉంది కాబట్టి ఈ ఫైలు వాడితే మంచి మాటల్లో సగం కంటికే కనపడవు. జాబితాలో ఎక్కువ మాటలుంటే మంచిదనుకోవడం కూడా పొరపాటే. నెట్‌లో నాలుగు లక్షలు దాటిన జాబితాలు దొరుకుతాయి, వాటిలో పేర్లు, సంక్షిప్తాలు, తప్పు వర్ణక్రమాలు కలిసిపోయి ఉంటాయి. ఇక రసాయన నామాలని ఒప్పుకుంటే హద్దే ఉండదు. టైటిన్ అనే ప్రోటీన్ పూర్తి రసాయన నామం 1,89,819 అక్షరాలు. అందుకే ఏ నిఘంటువుని ప్రమాణంగా తీసుకుంటున్నారో ముందే రాసుకోండి.

జాబితా చేతికొచ్చాక పని సులువు. గూగుల్ షీట్స్‌లో గానీ ఎక్సెల్‌లో గానీ మొదటి నిలువు వరుసలో మాటలు దించండి. ఎక్సెల్ షీటులో 10,48,576 అడ్డ వరుసలు పడతాయి కాబట్టి జాబితా మొత్తం ఒకే షీటులో ఇముడుతుంది. రెండో నిలువు వరుసలో లెన్ ఫార్ములాతో పొడవు. తర్వాతి ఏడు నిలువు వరుసల తలమీద ఏడు అక్షరాలు ఒక్కోటి రాసి, కింద సెర్చ్ ఫార్ములా పెట్టండి. అక్షరం లేకపోతే సెర్చ్ ఎర్రర్ ఇస్తుంది, అందుకే దాన్ని ఈజ్‌నంబర్ లోపల పెట్టాలి. ఏడూ ట్రూ ఉన్నవాటిని ఫిల్టర్ చేసి పొడవు ప్రకారం పెద్దవి పైకి వచ్చేలా అమర్చితే మూడో అర్థానికి జవాబు వచ్చేసినట్టే. రెండో అర్థం కావాలంటే సబ్‌స్టిట్యూట్ ఫార్ములాని ఏడుసార్లు ఒకదాంట్లో ఒకటి పెట్టి ఏడు అక్షరాల్నీ తీసేయండి. చివర మిగిలినదాని పొడవు సున్నా అయితే ఆ మాటలో వేరే అక్షరం లేనట్టు. సెర్చ్‌కి పెద్ద బడి (క్యాపిటల్), చిన్న బడి అక్షరాల తేడా లేదు, సబ్‌స్టిట్యూట్‌కి ఉంది. అందుకని ముందుగా లోయర్ ఫార్ములాతో అన్నిటినీ చిన్న బడికి మార్చుకోండి.

లైనక్స్‌లో గ్రెప్‌కి (ఫైలులో వెతికిపెట్టే కమాండ్) ఒక్కో అక్షరం ఇచ్చి, ఏడు గ్రెప్‌లని పైపు గుర్తుతో వరుసగా కలపడమే. ఆ తర్వాత ఆక్ అనే ఇంకో కమాండ్‌తో ప్రతి మాట ముందు పొడవు రాయించి, పెద్దవి పైకి వచ్చేలా పేర్చమని సార్ట్‌కి అప్పగించండి. సార్ట్‌కి అంకెలుగా చూడమని చెప్పడం మరిచిపోతే 9 తెచ్చి 18 కంటే పైన పెడుతుంది. ఏడు షరతుల్నీ ఒకే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (వెతకాల్సిన నమూనాలో) లుక్‌అహెడ్‌తో, అంటే ముందుకు తొంగిచూసే షరతుతో, రాయొచ్చని కొందరు చెబుతారు. అది అన్నిచోట్లా నడవదు. గూగుల్ షీట్స్ వాడే ఇంజన్‌లో లుక్‌అహెడ్ లేదు, మ్యాక్‌తో వచ్చే గ్రెప్‌లో పెర్ల్ పద్ధతి ఆప్షనే లేదు. ఏడు చిన్న షరతులు చదవడానికి తేలిక, ఎక్కడైనా పనిచేస్తాయి.

పైథాన్ వచ్చినవాళ్లు ప్రతి మాటని సెట్‌గా (ఒక్కో అక్షరం ఒక్కసారే ఉండే గుంపుగా) మార్చి, మీ ఏడు అక్షరాల సెట్ అందులో ఉపసమితి అవుతుందా అని చూడండి. అదే మూడో అర్థం. ఉపసమితి దిక్కు తిప్పి మాట సెట్ మీ సెట్‌లో ఇముడుతుందా అని చూస్తే రెండో అర్థం. రెండూ కలిపితే సరిగ్గా ఆ ఏడే ఉన్న మాటలు. ఒక లక్షన్నర మాటలకు ఇది రెప్పపాటు పని, వేగం గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. చేయకూడనిది ఒక్కటే: అక్షరాల్ని అన్ని వరుసల్లో తిప్పి ఒక్కోటీ మాటేనా అని చూడడం. ఏడు అక్షరాలకు 5,040 వరుసలు, అది సరే. 15 అక్షరాలకు లక్షా 30 వేల కోట్లు దాటతాయి. జాబితాని వడకట్టాలి గానీ వరుసల్ని పుట్టించకూడదు.

ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా కావాలంటే వన్‌లుక్ అనే నిఘంటువుల్లో వెతికే సైటు ఉంది. ప్రతి అక్షరానికీ అటూ ఇటూ స్టార్ గుర్తు పెట్టి, అలాంటి ఏడింటిని కామాలతో కలిపి ఇవ్వండి. రెండో అర్థానికి ఒక్క స్టార్ పెట్టి, పక్కన ప్లస్ గుర్తు, దాని వెంట ఏడు అక్షరాలు.

ఫలితం సున్నా వస్తే మొదట అనుమానించాల్సింది విండోస్ ఫైలుని. విండోస్‌లో సేవ్ చేసిన జాబితాలో ప్రతి మాట చివరా కంటికి కనపడని క్యారేజ్ రిటర్న్ (పంక్తి ముగింపు గుర్తు) ఒకటి ఉంటుంది. లైనక్స్‌లో గ్రెప్‌తో రెండో అర్థానికి వెతికితే అది ఎనిమిదో అక్షరంగా లెక్కకొచ్చి ఒక్క మాటా నెగ్గదు. ఆక్ లెక్కించే పొడవు కూడా అన్నిటికీ ఒకటి ఎక్కువ చూపిస్తుంది. పైథాన్‌లో స్ట్రిప్, షీటులో క్లీన్ వాడితే పోతుంది. అపాస్ట్రఫీ, హైఫన్ ఉన్న మాటల్ని ఉంచాలా తీయాలా అన్నది మీ ఇష్టం, కానీ లెక్కలో ఆ గుర్తుల్ని అక్షరాలుగా కలపకండి.

మీ గుంపులో ఏ అక్షరమూ రెండుసార్లు లేదు కాబట్టి సెట్ సరిపోయింది. రేపు ఓ రెండు, కె రెండు, ఇ రెండు కావాలని వెతికితే సెట్ మోసం చేస్తుంది. అది రెండు ఓలనీ ఒకటిగా కుదించేస్తుంది, స్మోక్ కూడా నెగ్గేస్తుంది. మీకు కావలసింది బుక్‌కీపర్. అలాంటప్పుడు అక్షరాల్ని లెక్కపెట్టాలి: పైథాన్‌లో కౌంటర్ అనే సాధనం, షీటులో అయితే మాట పొడవులోంచి ఆ అక్షరాన్ని తీసేసిన తర్వాతి పొడవుని తీసివేయడం.

మీరు తయారుచేసుకున్నది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడడానికి కీబోర్డు పై వరుస పది అక్షరాల్ని రెండో అర్థంలో ఇవ్వండి. టైప్‌రైటర్, ప్రొప్రైటర్, పర్‌పెట్యుయిటీ, రెపర్త్వార్ అనే నాలుగూ 10 అక్షరాలతో రావాలి. ఆ నాలుగూ వస్తే మీ ఏడు అక్షరాల్ని నిశ్చింతగా అప్పగించొచ్చు.